గార్డు పెట్టె కడిగిన రోజు

సెలవు రోజు పొద్దున పళ్ళ డాక్టరు వేసుకున్న పథకం చాలా చిన్నది. బజారుకెళ్ళి వార్నిష్ డబ్బా తెచ్చుకోవాలి, గార్డు పెట్టె మీద ఒక్క పూత కొట్టాలి, అది ఆరాక సాయంత్రం మావగారి పుట్టినరోజుకు ఆయన చేతిలో పెట్టాలి. ఇందులో తేడా రావడానికి ఏముంటుందని అతను ఈలవేసుకుంటూ చెప్పులు తొడుక్కున్నాడు.

ఆ గార్డు పెట్టె అరచేతిలో ఇమిడిపోయే బొమ్మ. గూడ్సు బండికి తోకలా తగిలించే ఇలాంటి పెట్టెలోనే మావగారు ఉద్యోగమంతా ఒంటరిగా, రెండు జెండాలూ ఒక లాంతరూ పెట్టుకుని గడిపారు. ఇంట్లో మిగిలిన ఒకే ఒక్క మసక ఫొటో చూసి, ఆయనకు తెలియకుండా డాక్టరు దాన్ని చేశాడు. పంటి గుంతలు తొలిచే మరతో కిటికీలు తొలిచాడు. వంకర పళ్ళకు కట్టే తీగతో చేతిబ్రేకు చక్రం చుట్టాడు. ఆ చక్రం మొదటిసారి గిర్రున తిరిగినప్పుడు అతను కుర్చీలోంచి లేచి నిలబడి, తన వేళ్ళను తనే కాసేపు వింతగా చూసుకున్నాడు.

ఇంత అవస్థ దేనికంటే, పెళ్ళయిన నాటి నుంచీ మావగారు అల్లుడికిచ్చిన కితాబు ఒక్కటే: "ఊఁ." ఇల్లు కట్టినప్పుడు "ఊఁ". ఆస్పత్రి తెరిచినప్పుడు "ఊఁ". ఆయన దవడ పన్ను నొప్పి తెలియకుండా పీకినప్పుడు కూడా "ఊఁ". కాకపోతే అప్పుడు ఆయన నోట్లో దూది ఉంది కనక డాక్టరు దాన్ని లెక్కలోకి తీసుకోలేదు. ఈ పెట్టెతోనైనా ఆయన నోట ఒక్క నిండు మాట రాబట్టాలని అతని పంతం.

పెట్టెకు ముందు ఎర్రమట్టి రంగు వేసి నిగనిగలాడించాడు. ఆ తర్వాత నెలంతా దాన్ని మాపుతూ కూర్చున్నాడు. రంగు సుద్దలు అరగదీసి, ఆ పొడిని సన్నటి కుంచెతో అద్ది తుప్పు పుట్టించాడు, పొగ పట్టించాడు, దారి దుమ్మంతా పోశాడు.

"మెరిసేదాన్ని పనిగట్టుకుని మాపడమేంటండీ?" అని భార్య ముక్కున వేలేసుకుంది.

"పట్టాల మీద తిరిగే పెట్టె పెళ్ళికూతురిలా ఉంటుందా? ఇదిగో, ఈ పొడి ఇంకా అంటుకోలేదు. పైన వార్నిష్ కొడితేనే నిలుస్తుంది. దాన్నెవ్వరూ ముట్టుకోకండి!" అని చెప్పి అతను బయల్దేరాడు. ఆ మాట భార్యకు వినబడింది. పుట్టినరోజు వంటలకని ముందురోజే వచ్చి దిగిన అత్తగారు మాత్రం అప్పుడు స్నానాలగదిలో ఉన్నారు.

అత్తగారికి దుమ్ము కనబడితే చేతులు ఊరుకోవు. స్నానం చేసి వచ్చేసరికి బల్ల మీద బొమ్మ, బొమ్మ నిండా మసి. "పాపం, పిల్లాడు ఇంత కష్టపడి చేసుకుంటే, దులిపే దిక్కు లేదు కదా ఈ ఇంట్లో," అని జాలిపడి, దాన్ని వంటింటి తొట్టి దగ్గరకు తీసుకెళ్ళారు. లోపల చూపించడం కోసం ఊడొచ్చేలా పెట్టిన పైకప్పును తీసి పక్కన పెట్టి, సబ్బూ పీచూ అందుకున్నారు. కింద నుంచి కిటికీల దాకా తళతళలాడించేసరికి కూతురు వచ్చి కెవ్వుమంది.

"అమ్మా! అది మురికి కాదే, రంగు!"

"ఇంత మురికిగా ఉండే రంగు కూడా ఉంటుందా?" అన్నారు ఆవిడ, చేతిలో పీచుతో బిత్తరపోయి.

కూతురికి కాళ్ళూ చేతులూ ఆడలేదు. మొగుడు వచ్చేలోగా ఆరబెట్టి ఏదో ఒకటి చెయ్యాలి. ముందు ఫోను అందుకుంది. "ఏమండీ, నాన్నకు కాస్త నలతగా ఉందట. అటునుంచటే వెళ్ళి ఒకసారి చూసి రండి."

"నేను పళ్ళ డాక్టర్ని కదే!"

"డాక్టరే కదా, వెళ్ళండి!" అని ఫోను పెట్టేసింది. పైకప్పును మళ్ళీ పెట్టె మీద ఓరగా పెట్టి, జుట్టు ఆరబెట్టుకునే మిషను పట్టుకొచ్చి జుయ్యిమనిపించింది. అప్పుడే ఓరగా ఉన్న కప్పు సందులోంచి ఆమె కళ్ళు లోపలికి వెళ్ళాయి.

లోపల చిన్న చెక్కబల్ల. బల్ల పక్కన కొక్కేనికి గోరంత కోటు. మూల లాంతరు. బల్ల కింద అన్నం క్యారేజీ, దాని మూతకు ఒక సొట్ట. చిన్నప్పుడు తాను మెట్ల మీంచి పడేసి పెట్టిన సొట్ట అది. ఎప్పుడో మాటవరసకు చెబితే, ఈ మనిషి గుర్తుపెట్టుకుని బియ్యపు గింజంత మూత మీద పెట్టాడు. ఇన్నాళ్ళూ తను బొమ్మలాట అని వెక్కిరించింది దీన్నా?

"అమ్మా, నాన్న ఇందులోనే అన్నం తినేవాడు," అంది గొంతు తగ్గించి.

అత్తగారు కళ్ళజోడు పెట్టుకుని వంగారు. "వేడన్నమే పెట్టి పంపేదాన్ని. అక్కడికెళ్ళాక ఎలా తినేవారో ఎప్పుడూ అడగలేదే," అన్నారు. తల్లీకూతుళ్ళు అలా నోళ్ళు తెరిచి చూస్తూనే ఉన్నారు. మిషను కూతురి చేతిలో ఒక్కచోటే మోగుతూనే ఉంది. ఆ వేడికి పలచటి ప్లాస్టిక్ పైకప్పు మధ్యలో మెత్తబడి మెల్లగా కుంగింది. ఆ మోతలో పక్కగదిలో ఫోను మోగడం ఎవరికీ వినబడలేదు.

ఆ ఫోను చేసింది డాక్టరే. మావగారింటికి రొప్పుతూ వెళ్ళేసరికి ఆయన నిక్షేపంగా చొక్కా ఇస్త్రీ చేసుకుంటున్నారు. జబ్బుగా ఉందటగా అని మొహాన అడగలేక, డాక్టరు ఆయన చెయ్యి పట్టుకుని నాడి చూశాడు. మావగారు చెయ్యి వెనక్కి లాక్కున్నారు.

"నాకేమీ కాలేదు. మీ అత్తయ్యకేమైంది? మెల్లగా చెప్పమని పంపారు కదూ? దాచకండి బాబూ!"

"అబ్బే, ఆవిడకేమీ లేదండీ! కావాలంటే మాట్లాడండి," అని డాక్టరు ఫోను చేశాడు. ఎవరూ ఎత్తలేదు. మళ్ళీ చేశాడు. ఎత్తలేదు. ఈసారి అతనికే ముచ్చెమటలు పోశాయి. ఇద్దరూ స్కూటరెక్కి వచ్చి పడ్డారు.

తలుపు తోసుకుని లోపలికొస్తే, అత్తగారు కాఫీపొడి సీసా పట్టుకుని నిలబడి ఉన్నారు. "పోయిన మసి బదులు ఇది చల్లితే సరిపోతుందేమోనే," అంటున్నారు కూతురితో.

"బాగానే ఉన్నావా?" అని మావగారు గోడకు చేరగిలబడ్డారు.

"నాకేమైంది? మీకే కదా నలతగా ఉంది?" అన్నారు అత్తగారు, కూతురి అబద్ధాన్ని కాపాడుతూ.

డాక్టరు చూపు బల్ల మీద పడింది. కింద సగం కడిగిన ముత్యంలా ఉంది, పైన సగం మసిగా ఉంది, పైకప్పు సొట్టపోయింది. నెల రోజుల తుప్పు తొట్టిలో కలిసిపోయింది.

మావగారు కూడా దాన్ని చూశారు. మెల్లగా వచ్చి కుర్చీలో కూర్చుని, రెండు చేతులతో ఎత్తుకున్నారు. చిటికెనవేలి గోటితో బ్రేకు చక్రం తిప్పారు. అది తిరిగింది. తిరగగానే ఆయన రెండో చెయ్యి తనంతట తానే బల్ల అంచును గట్టిగా పట్టుకుంది, బండి కుదుపుకు కాచుకున్నట్టు.

"రోజూ నా చెయ్యి అందినంత మేరే తుడుచుకునేవాణ్ణి. పైన మసి అలాగే ఉండిపోయేది," అన్నారు ఆయన. వేలు కప్పు మీదకు పోయింది. "ఇక్కడే కుంగింది. వానొస్తే సరిగ్గా నా బల్ల మీదే కారేది. ఇవేవీ ఫొటోలో లేవే బాబూ! మీకెలా తెలిశాయి?"

"కారేదని ఒక్కనాడూ చెప్పలేదే మీరు?" అన్నారు అత్తగారు.

"చెబితే తుడవడానికి అక్కడికీ వచ్చేదానివి."

డాక్టరుకు మనసు ఒప్పుకోలేదు. "అది నేను చేసింది కాదండీ. దానంతటదే అయిపోయింది," అన్నాడు.

"చెయ్యి తిరిగినవాళ్ళు అలాగే అంటారు," అన్నారు మావగారు.

డాక్టరు లోపలికి తొంగిచూసి ఉలిక్కిపడ్డాడు. "గార్డేడీ? పచ్చజెండా పట్టుకుని ఇక్కడే నిలబడాలి!"

మావగారు ఖాళీ బల్లను చూశారు. కళ్ళు తుడుచుకున్నారు. "గార్డు దిగిపోయాడు కదా బాబూ. ఖాళీగానే ఉండాలి. ఎంత బాగా చేశారు! నా బతుకంతా అరచేతిలో పెట్టారు. ఇలాంటి పనితనం నేనెక్కడా చూడలేదు."

అన్నేళ్ళు ఎదురుచూసిన మాట ఒకేసారి అంత వచ్చి మీద పడేసరికి డాక్టరు నోట వచ్చింది ఒక్కటే: "ఊఁ."

మర్నాడు అంట్లు తోమబోతే పీచులో గార్డు దొరికాడు, పచ్చజెండా ఇంకా ఊపుతూనే ఉన్నాడు.