మేస్త్రీగారి తడిసిన బీరువాలు

వడ్రంగి మేస్త్రీకి ఇన్సూరెన్సు కంపెనీ మీద పీకల దాకా కోపం. షాపు మీద ఏటేటా బీమా కడుతున్నాడు, ఏనాడూ ఒక్క ప్రమాదమైనా జరిగిన పాపాన పోలేదు. నిప్పు అంటుకోలేదు, దొంగ తొంగి చూడలేదు, పైకప్పు నుంచి చుక్క రాలలేదు. ఇంతకన్నా నిలువుదోపిడీ ఉంటుందా? అందుకే ఆ ఉదయం కాఫీ తాగుతూ బావమరిది ఉపాయం చెబితే, అది మోసమని ఆయనకు తోచలేదు. తనకు న్యాయంగా రావలసినది రాబట్టుకోవడమే అనిపించింది.

ఉపాయం సులువైనదే. ఖాళీగా ఉన్న పై వాటాలో కుళాయి తిప్పి వదిలేయాలి. తెల్లారాక గుండెలు బాదుకోవాలి.

"మరి షాపులో బీరువాలో?" అన్నాడు మేస్త్రీ.

"తడుస్తాయి బావా. తడవడానికేగా ఇదంతా!"

"నా చేత్తో చేసినవాటి మీద నీళ్లు పోస్తావా? చేతులు విరిచేస్తాను!"

చేసేది లేక బావమరిది కొత్త బీరువాలన్నీ తన షెడ్డుకి తరలించాడు. పాత సామాన్ల కొట్టు నుంచి చివికిపోయిన బీరువాలు తెచ్చి వాటి చోట నిలబెట్టాడు. మేస్త్రీ భార్యకు ఈ సంగతేమీ చెప్పలేదు.

అక్కడే కొంప మునిగింది. మర్నాడు షాపు తలుపు తీసిన ఆవిడ, మడమల దాకా నీళ్లు చూసి నిజంగానే గొల్లుమంది. వీధి వీధంతా పరుగెత్తుకొచ్చింది. మంచివాళ్లు కాబట్టి మేస్త్రీ వద్దంటున్నా వినకుండా బీరువాలన్నీ మోసుకెళ్లి రోడ్డు పక్కన ఎండలో వరసగా పెట్టారు. ఒక తలుపు పక్క షాపు టైలరు చేతిలోకే ఊడొచ్చింది.

"ఇవేనా మేస్త్రీ చేసేవి?" అని దారిన పోయేవాళ్లు ముక్కున వేలేసుకున్నారు. స్కూలు లైబ్రరీకి బీరువాల ఆర్డరు ఇద్దామని హెడ్‌మిస్ట్రెస్ ఆ రోజే రావాలా? ఆ ఆర్డరు మీదే మేస్త్రీ ఆశలన్నీ ఉన్నాయి.

"ఒక్కరోజు తడిస్తే ఇలా ఉబ్బిపోతాయా? మా పుస్తకాలు వీటిలో పెట్టుకోవాలా?" అందావిడ.

"నోరు మెదపరేమండీ? మీ పని ఇలా ఉండదని చెప్పండి!" అని భార్య మండిపడింది. ఏం చెబుతాడు పాపం! బావమరిది ఆయన కాలు గట్టిగా తొక్కి పట్టుకున్నాడు.

అంతలో ఇన్సూరెన్సు ఆవిడ దిగింది. బీరువాలని వంగి చూసింది, వేలితో నొక్కింది, వాసన చూసింది.

"నీళ్లు పైనుంచి పడ్డాయంటున్నారు. వీటి పైభాగం బాగానే ఉంది, అడుగు పుచ్చిపోయింది. ఎలా?"

"నీళ్లు కిందికే దిగుతాయి కదండీ!" అన్నాడు బావమరిది.

ఆవిడ తలూపింది. మేస్త్రీ వైపు ఓరగా చూస్తూ, "అయితే తప్పు నీళ్లది కాదు. సరుకు నాసిరకం. చేసినవాడికి పని రాదు" అంది.

అంతే, మేస్త్రీకి అరికాలి మంట నెత్తికెక్కింది. "ఎవరికమ్మా పని రానిది? ఈ మేకులు కొట్టిన దిక్కుమాలిన డబ్బాలు నావా? అతుక్కి మేకు కొట్టిన చెయ్యి కాదు నాది! నా పనేమిటో చూద్దురుగాని, రండి!"

"బావా, నీకు దణ్ణం పెడతాను" అని బావమరిది అడ్డం పడ్డా ఆగలేదు. ఆయన ముందు, ఆవిడ వెనక, వాళ్ల వెనక వీధి మొత్తం షెడ్డుకి నడిచింది. మేస్త్రీ బకెట్టెడు నీళ్లు ఎత్తి తన బీరువా మీద కుమ్మరించాడు.

"ఉబ్బిందా? తలుపు బిగుసుకుందా? మీరే తీసి చూడండి!"

తలుపు వెన్నలా తెరుచుకుంది. "అద్భుతం. మరి ఇవి ఇక్కడెందుకున్నాయి?" అని ఆవిడ మెల్లగా అడిగింది.

"తడవకూడదని ముందే తెచ్చి పెట్టాం కదమ్మా!"

బావమరిది నేల మీద కూలబడ్డాడు. తనేమన్నాడో మేస్త్రీకి అందరి మొహాలూ చూశాక గాని అర్థం కాలేదు. అయినా తగ్గలేదు. క్లెయిము వదులుకుంటున్నానని సంతకం పెట్టమంటే, నాసిరకం అన్న మాట వెనక్కి తీసుకుంటే తప్ప పెన్ను ముట్టనన్నాడు. ఆవిడ వెనక్కి తీసుకుంది.

"బీరువాలు మీ దగ్గరే చేయిస్తాను మేస్త్రీ. డబ్బు మాత్రం మీ ఆవిడ చేతికిస్తాను" అంది హెడ్‌మిస్ట్రెస్.

మేస్త్రీకి మళ్లీ ఒళ్లు మండింది: ఇంత నిజాయితీగా ఒప్పుకున్న మనిషిని పట్టుకుని అనుమానమా!