చల్లని మిరపకాయను సమర్థిస్తూ

కారం లేని మిరపకాయ కంటే ఈ రాయలసీమకు కావలసింది ఇంకేదీ లేదని మనవి చేస్తున్నాను. కోపగించకండి! కోపమే మన జబ్బు. దానికి మందు చెప్పబోతున్నాను.

నేను ఒంటరివాణ్ణి. కర్నూలులో భీమక్క అనే ఆమె ఇంట్లో మిద్దె మీది గదిలో అద్దెకుంటూ, మనస్తత్వశాస్త్రం చదువుకుంటూ, నా మనసును నేనే తవ్వుకుంటూ బతికాను. ఆ తవ్వకంలో నాకు దొరికిన సత్యం ఇది: మన కోపం మనది కాదు, మిరపకాయది! పొద్దున సంగటిలోకి కారం, మధ్యాహ్నం పప్పులోకి కారం, రాత్రి కూడా అదే. అంతరంగంలో అణిగిమణిగి ఉండవలసిన దాన్నంతా ఆ కాయ రెచ్చగొట్టి నోటిదాకా తెస్తుంది. పడమటి దేశాల వైద్యులు రోగిని సోఫా మీద పడుకోబెట్టి ఏళ్ల తరబడి బాల్యం గురించి అడుగుతారట. ఏం తిన్నావని ఒక్కడైనా అడిగాడా?

ఆ ప్రశ్నకు మా వీధిలోనే జవాబు దొరికింది. కర్నూలు రాష్ట్రానికి ముఖ్యపట్టణమయ్యాక సర్కారు ఆఫీసుల కోసం డేరాలు వేశారు. డేరాలతోపాటు శాఖలు వచ్చాయి, శాఖలతోపాటు ఆఫీసర్లు వచ్చారు. అలా వచ్చినవారే ఆనందంగారు. శాఖ ఇచ్చే పొట్లం గింజలతో ఇంటింటా మిరప పెంచాలన్నది వారి పథకం.

పెంచడం మనకు కొత్తా అంటారేమో. కొత్తే! అంతవరకు మా వీధి ఆడవాళ్లు చేసిందేమిటి? మంచి పండుకాయ ఎంచుకుని, ఎండబెట్టి, గింజలు రాల్చి, బూడిద కలిపి పిడతలో దాచుకునేవారు. వాన పడగానే పెరట్లో చల్లుకునేవారు. దీన్ని పెంచడమంటారా? ఇందులో పొట్లమేదీ? పొట్లం మీద రంగుబొమ్మేదీ?

ఆనందంగారు ఒక షరతు పెట్టారు. పాత గింజలు తెచ్చి ఇస్తేనే కొత్త పొట్లం. పాతజాతి పక్కన ఉంటే కొత్తజాతి చెడిపోతుందట. భీమక్క తన అత్తగారి కాలంనాటి పిడత తెచ్చింది. ఆయన చేయి చాపితే ఇవ్వలేదు, నేల మీద పెట్టింది.

"మిరప చేతికియ్యకూడదు సారూ, జగడమొస్తాది."

ఆఫీసరుగారు అజ్ఞానాన్ని క్షమించే చిరునవ్వు నవ్వి, నేల మీది పిడత ఎత్తి మురిక్కాలవలో బోర్లించారు. జగడం రాలేదు. చూశారా శాస్త్రం!

తర్వాత ప్రతి మిద్దె మీదా, ప్రతి అరుగు మీదా మిరపమొక్కల కిరసనాయిలు డబ్బాలు వెలిశాయి. హంద్రి ఏటి ఇసుకలో చెలమలు తవ్వి, గిన్నెతో తోడి తెచ్చిన నీళ్లు ముందు మొక్కలు తాగాయి, తర్వాత మనుషులు తాగారు. మొక్కలకు నీళ్లెక్కడివయ్యా అని అరిచే కారపు మనుషులు అప్పటికింకా ఉన్నారు. కాపు వచ్చాక వాళ్లూ చల్లబడ్డారు.

ఎంత కాపు! జానెడు కాయలు, పెళ్లికూతురి బుగ్గల్లాంటి నిగనిగ. కొరికితే దోసకాయ!

ఇక ఫలితాలు చూడండి. చెలమ దగ్గర బిందెలతో కొట్టుకునే ఆడవాళ్లు "నువ్వు ముందు తోడుకో వదినా" అని ఒకరినొకరు బతిమాలుకుంటూ సాయంత్రందాకా ఎవరూ తోడలేదు. కక్షిదారులు రాజీపడిపోతుంటే ప్లీడర్లు కడపకు మకాం మార్చారు. మా పక్కవీధి బసవన్న పాతపగ తీర్చుకుందామని శత్రువు కంట్లో దోసెడు కారంపొడి కొట్టాడు. ఆ శత్రువు తాపీగా మొహం తుడుచుకుని, "ఏమప్పా బసవన్నా, కుంకం చల్లుతాండావు, పెండ్లెవరిది?" అన్నాడు! నీళ్ల కోసం డేరాల ముందు కేకలు వేసే జనం ఇప్పుడు అర్జీ ఇచ్చి, నమస్కారం పెట్టి, అర్జీ పోతే మరో అర్జీ ఇస్తున్నారు. ఇంతకంటే నాగరికత ఏముంది?

ఈ మహోపకారానికి నేను చెల్లించిన మూల్యం చాలా స్వల్పం. నా గది పోయింది. అంతే!

ముఖ్యపట్టణంలో గది పోవడమంటే ఏమిటో మీకు తెలుసు. గుమాస్తాలు వసారాల్లో వంతులవారీగా నిద్రపోతున్న కాలం. నా గది పోయిన విధం వినండి.

నేనూ శాస్త్రదృష్టితో కిటికీలో ఒక డబ్బా పెట్టి గింజలు నాటాను. మొలక ఎలా తలెత్తుతుందో పూటల తరబడి చూస్తూ కూర్చునేవాణ్ణి. ఆ కిటికీ కిందనే భీమక్క ఎనుమును కట్టేది. ఒకరోజు ఎనుము పాలివ్వడం మానేసింది. భీమక్క ఉప్పూ మిరపకాయలతో దానికి దిష్టి తీసి, వాటిని పొయ్యిలో వేసింది. ఘాటు వచ్చి అందరూ దగ్గితే దిష్టి లేనట్టు. ఎవరూ దగ్గకపోతే గట్టి దిష్టి తగిలినట్టు. ఎవరూ దగ్గలేదు. మర్నాడూ దగ్గలేదు. ఎలా దగ్గుతారు, కాయలు ఆనందంగారివి!

భీమక్క మెట్లెక్కి వచ్చింది.

"ఏమప్పా, పెండ్లాం లేదు, పిల్లల్లేరు, పొద్దస్తమానం నా ఎనుమును చూస్తాండావే?"

"ఎనుమును కాదమ్మా, మొలకను. నిజానికి మొలకను కూడా కాదు. నన్ను నేను చూసుకుంటున్నాను."

"నిన్ను నువ్వు చూసుకునేదానికి అద్దముండాది గదప్పా. నా ఎనుమెందుకు?"

మానవ మనస్సును గురించి ఇంత సూటి ప్రశ్న నా పుస్తకాల్లో లేదు. అయినా తమాయించుకుని, తప్పు నా కంటిది కాదనీ, కాయలోనే కారం లేదనీ చెప్పాను.

"లేదని నాకు తెలీదా? వండేదాన్ని నేను. ఆ కారం యాడికి పోయింది? మా అత్త కాలం నుంచి తగ్గంది నువ్వొచ్చినంక తగ్గింది."

"వీధంతా అంతే కదమ్మా!"

"వీధంతా నీ కిటికీకి కనపడతాది గదా."

ఆనందంగారి సాక్ష్యం ఒక్కటే దిక్కు. వారు సానుభూతితో విన్నారు. "పొడవు, రంగు, తూకం చూస్తామండీ. ఘాటు మా శాఖ పరిధిలోకి రాదు."

"మీరు రుచి చూడలేదా?"

"ఆఫీసరు రుచి చూస్తే అది సొంత అభిప్రాయం అవుతుంది."

చివరికి వీధి జనం ముందు కూర్చుని గుప్పెడు మిరపకాయలు నమిలాను. ఒక్క కన్నీటి చుక్క రాలేదు. నిర్దోషినని తేలిందనుకుని తలెత్తాను. భీమక్క రెండడుగులు వెనక్కి వేసింది.

"చూసినారా? ఈ కాయల కారమంతా ముందే ఆ కంట్లో చేరుండాది!"

తీర్పు అయిపోయింది. గదిని భీమక్క ఆనందంగారికి ఇచ్చింది.

నేను పెట్టె ఎత్తుకుని దిగుతుంటే వారి సామాను ఎక్కుతోంది. ఒక గోనెబస్తా నా పక్కగా పోగానే నాకు పెద్ద తుమ్ము వచ్చింది. బయలుదేరేటప్పుడు తుమ్మితే వెళ్లనివ్వరు కదా. వెళ్లగొట్టిన భీమక్కే, "కూసోప్పా, రోంత నీళ్లు తాగి పో" అని మెట్టు మీద కూర్చోబెట్టింది.

"బస్తాలో ఏమిటండీ?" అని అడిగాను.

"సొంతానికండీ. ఆలూరు పక్క పల్లె నుంచి తెప్పించుకుంటాను, పాతరకం మిరపకాయలు," అన్నారు ఆనందంగారు కొంచెం సిగ్గుపడి. "చప్పిడికూడు ఎన్నాళ్లని తింటామండీ?"

పోయే ముందు నాకూ దిష్టి తీయాలని భీమక్క ఆ బస్తాలోంచి దోసెడు కాయలు తీసి, నా చుట్టూ తిప్పి, నిప్పుల్లో వేసింది. అబ్బా! వీధి వీధంతా దగ్గింది. ఏడాదిగా ఏడవని కళ్లన్నీ ఏడ్చాయి. ఎవరో ఎవరినో తిట్టారు. ఇంకెవరో డేరాల వైపు చేయి చాపి, నీళ్లేవిరా అని గట్టిగా అరిచారు.

"సారూ, ఈ గింజలు రోన్ని మాకియ్యండి," అంది భీమక్క కళ్లు తుడుచుకుంటూ.

"పాతజాతి అమ్మా," అన్నారాయన దగ్గుతూనే. "మీకిస్తే పథకం చెడిపోతుంది."

ఆ గందరగోళంలో ఒక సంగతి నా కంట పడింది. దోసెట్లో కాయలన్నీ నిప్పుల్లో పడలేదు. కొన్నింటిని భీమక్క కొంగున ముడివేస్తోంది. నన్ను చూసి గతుక్కుమని, గొంతు తగ్గించి బతిమాలింది.

"ఈ పక్క చూడొద్దప్పా. ఇవన్నా కారంగా మొలవనీ."

నేను వెంటనే కళ్లు తిప్పుకున్నాను. కారం లేని మిరపకాయే జనానికి మంచిదన్న నా సిద్ధాంతం మీద ఇప్పటికీ నిలబడి ఉన్నాను. కానీ మీరు కూడా ఆ కొంగు వైపు చూడకండి. ముఖ్యంగా శాఖవారు!