అయిదు బొమ్మల ధ్యానం

"కళ్ళు మూసుకోమంటోంది సరే, మళ్ళీ తెరవమని చెప్తుందా అది?"

మా అమ్మాయి ఫోన్‌లోకి ధ్యానం యాప్ దిగిన రోజున నేను పైకే అనేసిన మాట ఇది. ఏం చేయను, నాకంటే ముందు నా అనుమానం పుట్టింది! ఇప్పుడు మాత్రం చెంపలేసుకుని చెబుతున్నాను: పిల్లలున్న ప్రతి ఇంట్లోనూ ఈ యాప్ ఉండి తీరాలి. తల్లి లేకపోయినా ఫర్వాలేదు!

మా అమ్మాయిది ఇంట్లో కూర్చుని ఫోన్లో ఫిర్యాదులు వినే ఉద్యోగం. రోజుకి ఎనభైమంది తిడతారు, ఇది ఎనభైసార్లు "క్షమించండి" అంటుంది. కొన్నాళ్ళకి దాని నోట ఆ మాటొక్కటే మిగిలింది. అన్నానికి రావే అంటే "క్షమించమ్మా" అనేది. తర్వాత అదీ పోయింది. పని గంటలు అవగానే హెడ్‌ఫోన్ తీసేసి, గోడవైపు తిరిగి పడుకునేది.

సెలవడిగితే ఆఫీసు మేడమ్ యాప్ పంపించింది. సెలవు నాలుగు రోజుల్లో అయిపోతుంది, యాప్ ఏడాదంతా ఉంటుందట. ఎంత ముందుచూపో చూశారా!

అందులో ఆసనాలు కూడా ఉన్నాయండోయ్. మా అమ్మాయి అన్నీ వదిలేసి శవాసనంలో ఆరితేరింది. ఆ పేరు పెట్టిన మహానుభావుడికి తల్లి లేదా? దుప్పటి పైకీ కిందకీ కదులుతోందో లేదోనని తలుపు సందులోంచి చూసి చూసి నా కళ్ళు కాయలు కాచాయి. అందుకే మా ఇంటివరకూ దాన్ని దుప్పటాసనంగా మార్చేశాను.

అసలు మహిమ ఇంకా చెప్పలేదు. రోజూ పొద్దున్న ఎనిమిదింటికి టింగుమని మోగి, "ఈరోజు మీ మనసు ఎలా ఉంది?" అని అడుగుతుంది. కింద అయిదు బొమ్మలు. మొదటిది ముప్ఫైరెండు పళ్ళూ బయటపెట్టి నవ్వుతుంది. అయిదోదానికి రెండు కళ్ళవెంటా నీళ్ళు. ఒకటి నొక్కాలి. మా పిల్ల నొక్కదు.

నొక్కకపోతే ఆఫీసుకి తెలిసిపోతుందేమో! ఏడుపు బొమ్మ నొక్కితే ఉద్యోగం ఊడుతుందేమో! ఊడితే పిల్ల ఇంకా కుంగిపోతుందేమో! ఇన్ని "ఏమో"లు మోయలేక నేనే నొక్కేశాను. చదివింది ఏడో తరగతే అయినా బొమ్మలు అర్థమవుతాయి కదా! పళ్ళ బొమ్మ. ఇరవైమూడు రోజులు.

ఫలితం చూడండి! నిన్న సర్టిఫికెట్ వచ్చింది. డిపార్టుమెంటు మొత్తంలో అందరికంటే ప్రశాంతంగా ఉన్నది మా అమ్మాయేనట! మేడమ్ స్వయంగా ఫోన్ చేసి, "మీ అమ్మాయి అందరికీ ఆదర్శమండీ. రేపట్నుంచి ఇంకో నలభై కాల్స్ ఇస్తున్నాం" అంది. మంచం దిగకుండానే మనసు బాగుపడిపోవడం ఎక్కడైనా విన్నారా?

యోగానీ ధ్యానాన్నీ తప్పుపడితే కళ్ళు పోతాయి, నేననను. పక్కవాటా నర్సుగారు కూడా, "మంచివేనండీ, నాకూ ఎంతో ఆసరా అయ్యాయి. కానీ డాక్టరుకి కూడా చూపించండి. అసలు పిల్లని ఎలా ఉన్నావని అడిగారా?" అంది.

"అడగడానికి యాప్ ఉందిగా!" అన్నాను.

ఆవిడ నా ముఖంలోకి అదోలా చూసి వెళ్ళిపోయింది.

ఇవాళ పొద్దున్న ఫోన్లో చార్జింగ్ అయిపోయింది. ఎనిమిదైనా టింగుమనలేదు. ఆ గదిలో అడగడానికి ఇక నేనే మిగిలాను. మంచం అంచున కూర్చుని, "ఎలా ఉందే నీ మనసు?" అన్నాను. ఇన్నాళ్ళలో నా నోటితో అడగడం అదే మొదలు.

యాప్ అయితే పది సెకన్లు చూసి తన దారిన తను పోతుంది. నేనెక్కడికి పోతాను? బయట కుళాయి కింద బకెట్ నిండింది, పొర్లింది, నీళ్ళు గడపదాకా వచ్చాయి. లేవలేదు.

చాలాసేపటికి దుప్పటి కదిలింది. గోడవైపున్న ముఖం మెల్లగా ఇటు తిరిగింది.

"అయిదో బొమ్మమ్మా" అంది.