సెల్ డాక్టరమ్మ

ఆ ఉదయం కోడలిపిల్ల అనుకున్నది ఒక్కటే. పదకొండింటికి పరిశోధన సంస్థ నుంచి ఫోను వస్తుంది, ఎత్తాలి, ఉద్యోగం కొట్టాలి. కాలేయ కణాల మీద డాక్టరేట్ చేతికొచ్చి రెండేళ్లయింది. కాలేజీల్లో ఖాళీల్లేవు. మందుల కంపెనీలేమో, ఇంత చదివినవాళ్లు మాకెందుకని మర్యాదగా సాగనంపాయి. ఇదీ పోతే చదువంతా అటకెక్కినట్టేనని లోలోపల ఒకటే దిగులు.

ఇంతలో కింది వాటా టీచరమ్మ ఫోను పట్టుకుని వచ్చింది.

"అమ్మాయ్, ఇది చచ్చి ఊరుకుంది. కాస్త చూద్దూ!"

"నాకేం తెలుసండీ?"

"సెల్లుల్లో డాక్టరేట్ చేశావటగా! మీ అత్తగారే చెప్పారు."

కోడలు తెల్లబోయి అత్తగారి వైపు చూసింది.

"నువ్వేగా చెప్పావు, సెల్సు మీద చేశానని! పెట్టి వెళ్లండి టీచరమ్మగారూ, చూస్తుంది," అన్నారు అత్తగారు.

ఆవిడ ఈ మాట ఇంకెంతమందికి చెప్పారో గానీ, గంట తిరిగేసరికి బల్లంతా ఫోన్లే, చచ్చినవి కొన్ని, మోగుతూనే మొరాయించేవి కొన్ని. వాటి మధ్య కోడలి ఫోనూ కలిసిపోయింది. పదకొండింటికి రెండు ఫోన్లు ఒక్కసారే మోగాయి. కోడలు చేతికందింది ఎత్తి "నమస్కారం సార్" అంది.

"సారేమిటే? నేను మీ పిన్నిని! మీ అమ్మ లేదా?" అంది ఎవరో పెద్దావిడ.

అసలు ఫోను అప్పటికే అత్తగారి చెవి దగ్గరుంది.

"సెల్సులో డాక్టరేట్ చేసినవారేనా?" అన్నాడు సంస్థ డైరెక్టరు.

"ఆఁ, ఈ ఇల్లే. చెప్పండి బాబూ."

"సెల్సు ఉన్నట్టుండి చచ్చిపోతే మీరు ముందేం చూస్తారు?"

"ఒక్కటే చచ్చిందా, అన్నీ చచ్చాయా? వేడి తగిలిందేమో చూడాలి. తడి చేరిందేమో చూడాలి. ఊరికే కెలక్కూడదు."

"భేష్! ఇంత సూటిగా ఇవాళ ఒక్కరూ చెప్పలేదు. సోమవారం చేరిపోండి."

కోడలు ఫోను లాక్కునేసరికి ఆ చివరి మాటే వినబడింది. నోరు మూసుకుంటే ఉద్యోగం తనదే. కానీ మనసొప్పలేదు.

"సార్, ఇంతసేపూ మాట్లాడింది మా అత్తగారండీ," అని ఏడవలేక నవ్వుతూ జరిగిందంతా చెప్పేసింది.

అవతల డైరెక్టరు పగలబడి నవ్వాడు. "పక్కవాళ్ల ఫలితం తనది కాదని చెప్పేవాళ్లే మా ల్యాబులో కరువమ్మా. ఇప్పుడు అదే ప్రశ్నకి మీ జవాబు చెప్పండి."

ఆమె చెప్పింది. అరగంట చెప్పింది. సోమవారం మాత్రం మారలేదు.

సాయంత్రం అత్తగారు ఎవరి ఫోన్లు వాళ్లకి తిరిగిచ్చేస్తూ, కించిత్తు గర్వంగా అన్నారు: "ఏమనుకోకండి, మా కోడలు ఇకనుంచి కంపెనీ సెల్లులే చూస్తుందట, బయటివి చూడదట."