ముందు మీరెక్కండి

విమానం సమయానికి బయలుదేరడం మనిషికి మంచిది కాదు. ఈ మాట నేను కోపంలో అనడం లేదు. హాలిఫాక్స్ విమానాశ్రయంలో, పడుకోవడానికి వీల్లేకుండా మధ్యమధ్య ఇనుప చేతులు బిగించిన కుర్చీల్లో రెండు రాత్రులు వంకరగా పడుకుని, తీరిగ్గా ఆలోచించి అంటున్నాను.

నా బ్లాగు చదివేవాళ్లకు నా సంగతి తెలుసు. కెనడాలో సడ్బరీలో ఉండే రిటైరైన మనిషిని. టోస్టర్ రొట్టెను మాడిస్తే టోస్టర్ గురించి, మంచు తీసే పార మొదటి మంచుకే విరిగితే పార గురించి రాసుకుంటూ కాలక్షేపం చేస్తుంటాను. గొణగడంలో నాకు పెన్షన్ రావాల్సిందని మా ఆవిడ ఫిలొమీనా అంటుంది. ఈసారి గొణగను. ఒక విమాన సంస్థను మనస్ఫూర్తిగా పొగుడుతాను. పేరు మాత్రం చెప్పను. చెబితే వాళ్లు నొచ్చుకుంటారేమో!

ముందు ఆరోగ్యం సంగతి చూడండి. రోజూ నడవమని మా డాక్టర్ మొత్తుకుంటాడు. ఇంట్లో ఉంటే నేను నడుస్తానా? టీవీలో హాకీ పెట్టుకుని సోఫాలో కూరుకుపోతాను. విమాన సంస్థ నన్నలా వదిలేయలేదు. ఈ చివర గేటు దగ్గర కూర్చోబెట్టి, విమానం ఆ చివర గేటుకు మారిందని చెప్పింది. నేనూ మా ఆవిడా పరుగెత్తాం. అక్కడ ఊపిరి పీల్చుకునేలోపు మళ్లీ పాత గేటుకే మారిందంది. మళ్లీ పరుగు. మధ్యలో చెమట పట్టకుండా చల్లగాలి కూడా వాళ్లదే. ఏ జిమ్‌లో ఇంత శ్రద్ధ తీసుకుంటారు చెప్పండి?

తిండి విషయంలోనూ అంతే జాగ్రత్త. మాకు భోజనం కూపన్లు ఇచ్చారు. ఆ కూపన్‌కు శాండ్‌విచ్‌లో సగమే వస్తుందని కొట్టులో అమ్మాయి చెప్పింది. మిగతా సగం ఎవరికిస్తారమ్మా అని అడగబోయి, వెనకాల జనం ఉన్నారని మొహమాటపడి, ఉన్న సగమే తిన్నాం. నా ప్యాంటు వదులైంది. మా డాక్టర్‌కు చెబితే నమ్మడు.

ఇక చదువు. ఆలస్యానికి కారణం అడిగితే నాకు దొరికినంత జ్ఞానం బడిలో కూడా దొరకలేదు. మొదట మేం వెళ్లాల్సిన న్యూఫౌండ్‌లాండ్‌లో పొగమంచు అన్నారు. సరే, అక్కడ పొగమంచు లేని రోజు జనమే కంగారుపడి ఆకాశం వైపు చూస్తారు. పొగమంచు విడిపోయాక విమానం రాలేదన్నారు. విమానం వచ్చాక పైలట్ రాలేదన్నారు. పైలట్ వచ్చేసరికి ఆయన డ్యూటీ గంటలు అయిపోయాయన్నారు. అంతసేపూ ఆయన ఏం చేశాడయ్యా అంటే, ఆ చివర గేటు దగ్గర కూర్చుని మా కోసం ఎదురుచూశాడట! మేం ఈ చివర కూర్చుని ఆయన కోసం చూస్తున్నాం. ఇంకో పైలట్ దొరికాక, రెక్కల మీద పేరుకున్న మంచును కడిగించాలన్నారు. శుభ్రంగా కడిగారు. కడగడం పూర్తయ్యేసరికి న్యూఫౌండ్‌లాండ్‌లో మళ్లీ పొగమంచు.

మా సూట్‌కేసును మాత్రం ఆపలేదు. మమ్మల్ని హాలిఫాక్స్‌లో ఉంచి అది ఎల్లోనైఫ్ వెళ్లింది. దాని ఆచూకీ ఫోన్‌లో కనబడుతూనే ఉంది. మా వంశంలో అంత ఉత్తరానికి వెళ్లిన వాళ్లెవరూ లేరు. ఇప్పుడు నా కోటు, ఫిలొమీనా కుట్టించుకున్న నీలం గౌను అక్కడి గాలి పీల్చాయి. ఇలాంటి అవకాశం డబ్బిచ్చినా దొరుకుతుందా? అన్నట్టు, డబ్బిచ్చాం కూడా.

అన్నిటికన్నా గొప్ప మేలు, మనుషుల్ని కలపడం. సడ్బరీలో మా పక్కింటాయనకు ఎంతమంది పిల్లలో నాకిప్పటికీ తెలియదు. అదే ఈ గేటు దగ్గర పక్క కుర్చీలో కూర్చున్న సిరిల్ గురించి అడగండి. ఆల్బర్టాలో చమురు క్యాంపులో పని. ఇల్లు మేం వెళ్లాల్సిన గాండర్‌లోనే, నెలకోసారి వెళతాడు. వెళ్లిన ప్రతిసారీ చిన్న కూతురు కాసేపు కొత్త మనిషిని చూసినట్టు చూసి తల్లి వెనక దాక్కుంటుందట. ఎదురు కుర్చీలో బెర్నిస్ గారు. సొంత ఇంటి మెట్టు మీద మంచులో జారి చెయ్యి విరగ్గొట్టుకుని, చేతిని మెడకు వేలాడదీసి గాండర్‌లో అక్కగారింటికి విశ్రాంతికి వెళుతోంది. ఒక రోజు గడిచేసరికి మేం నలుగురం ఒకే బిస్కెట్ పొట్లంలో చెయ్యి పెట్టేంత దగ్గరయ్యాం.

ఇన్ని మేళ్లు జరుగుతుంటే మీ ఆవిడ ఎందుకలా కదలకుండా కిటికీలోంచి రన్‌వే చూస్తోందని అడుగుతారేమో. చెబుతాను.

శనివారం మధ్యాహ్నం ఆవిడ అక్క లొరెట్టా పెళ్లి.

లొరెట్టాకు అరవై దాటాయి. ఇది మొదటి పెళ్లి. చిన్నప్పుడే తల్లి పోతే, చెల్లెళ్లకూ తమ్ముళ్లకూ జడలు వేసి, చేపలు వండి, కొట్లాటలు తీర్చి పెంచింది ఆవిడే. అందరి పెళ్లిళ్లలోనూ పక్కన నిలబడింది ఆవిడే. ఆ పనిలో పడి తన పెళ్లి మాట మరిచిపోయిందని ఇంట్లో అనుకునేవాళ్లు. మరిచిపోలేదట. ఫెర్రీలో పనిచేసి రిటైరైన ఆంబ్రోస్ అనే ఆయన పోయిన శీతాకాలం అడగడం, ఈవిడ సరే అనడం జరిగిపోయాయి. గాండర్ దగ్గర సముద్రపు ఒడ్డున వాళ్ల ఊరి చర్చి హాల్లో పెళ్లి. మిగతా తోబుట్టువుల్లో కొందరు పోయారు, కొందరు కదల్లేరు. పెళ్లికూతురి పక్కన తోడుగా నిలబడాల్సింది ఫిలొమీనా ఒక్కతే. "నేను వస్తాను, నీ పక్కనే ఉంటాను" అని ఫోన్‌లో మాటిచ్చింది.

గురువారం బయలుదేరాం. గురువారం పోయింది, శుక్రవారం పోయింది. శనివారం పొద్దున కౌంటర్ అమ్మాయి మైకులో ఒక మాట చెప్పింది. గాండర్‌కు చిన్న విమానం వెళుతోంది, అందులో ఒక్క సీటు ఖాళీ ఉంది, వెంటనే వచ్చినవాళ్లకు ఇస్తాం, తలుపు మూసే వేళయింది.

నేను ఫిలొమీనాను కుర్చీలోంచి దాదాపు ఎత్తి నిలబెట్టాను. నా సంగతి తర్వాత చూసుకుంటా, నువ్వెళ్లు అన్నాను. వెళ్లింది. వరసలో మొదట నిలబడింది. ఆవిడ వెనక సిరిల్, ఆయన వెనక బెర్నిస్ గారు. ఇక చెయ్యి చాచి బోర్డింగ్ పాస్ ఇవ్వడమే తరువాయి.

అక్కడే మా దేశం అడ్డొచ్చింది.

ఫిలొమీనా వెనక్కి తిరిగింది. సిరిల్‌ను చూసింది. "నువ్వు నెల రోజులై పిల్లల మొహం చూడలేదు కదయ్యా. ముందు నువ్వెక్కు" అంది.

"అయ్యో, అదేం మాటమ్మా. మీ అక్క పెళ్లి ఇవాళే. మా పిల్లలు రేపు కూడా ఆ ఇంట్లోనే ఉంటారు, ఎక్కడికి పోతారు? మీరెక్కండి" అన్నాడు సిరిల్. అని ఊరుకోవచ్చు కదా! వెనకాల బెర్నిస్ గారు కనబడింది. విరిగిన చేత్తో నిలబడ్డ పెద్దావిడను వదిలేసి తామిద్దరే మాట్లాడుకోవడం బాగుండదనిపించింది కాబోలు, ఆవిడను ముందుకు రమ్మన్నాడు.

బెర్నిస్ గారు సిగ్గుపడిపోయింది. విశ్రాంతికి వెళ్లేదాన్ని, విశ్రాంతి ఇక్కడ కూర్చున్నా దొరుకుతుంది, పైగా ఒంటి చేత్తో మెట్లెక్కేసరికి అందరికీ ఆలస్యం చేస్తాను అంటూ వెనక్కి జరిగింది. జరుగుతూ నా కాలు తొక్కి సారీ చెప్పింది. నా కాలు ఆవిడ కింద ఉన్నందుకు నేను సారీ చెప్పాను. సీటు మళ్లీ ఫిలొమీనా దగ్గరకు వచ్చింది. ఈసారి ఆవిడ నిజంగానే చెయ్యి చాచింది. చాచి, "మీరందరూ ఏమీ అనుకోరు కదా?" అని ఇంకొక్కసారి అడిగింది.

తలుపు మూసుకుంది.

ఇది కట్టుకథ అనుకునేవాళ్లు మా వీధి చివర నాలుగు రోడ్ల కూడలికి రండి. నాలుగు కార్లు ఒకేసారి వచ్చి ఆగితే, నలుగురూ మీరు వెళ్లండంటే మీరు వెళ్లండని చేతులూపుకుంటూ కూర్చుంటాం. ఒక్కోసారి ఇంజన్లు ఆపేసుకుంటాం కూడా. ఆ అలవాటు కూడలిలో ముద్దుగానే ఉంటుంది. ఎందుకంటే అక్కడ తలుపు లేదు.

విమానం మా కళ్ల ముందే కదిలింది. సీటు ఖాళీగా గాండర్ వెళ్లిపోయింది. ఆలస్యం చేసినందుకు ముగ్గురూ ఒకరికొకరు సారీ చెప్పుకున్నారు. తలుపు మూయడంలో ఇబ్బంది పెట్టినందుకు కౌంటర్ అమ్మాయికి ముగ్గురూ కలిసి సారీ చెప్పారు. ఆ అమ్మాయి తన కంప్యూటర్ తెర మీద ఉన్నది చదివింది. మీ ఓపికకు ధన్యవాదాలు అంది.

మధ్యాహ్నం పెళ్లి ఫోన్‌లో చూశాం. సిరిల్ తన సంచి మీద ఫోన్ నిలబెట్టాడు. బెర్నిస్ గారు ఎండ పడకుండా మంచి చేత్తో అడ్డం పెట్టింది. హాల్లో ఎవరో ఫోన్ ఎత్తి పట్టుకున్నారు. లొరెట్టా మొహం తెర నిండా కనబడింది. తల దువ్వుకుని, లిప్‌స్టిక్ వేసుకుని, చిన్నపిల్లలా ఉంది. "నాదే తప్పే ఫిలా. జులైలో పెట్టుకోవాల్సింది. సారీ" అంది. ఆంబ్రోస్ కూడా ముందుకు వచ్చి, పొగమంచు తనే వదిలినట్టు తల వంచుకుని సారీ చెప్పాడు. పాస్టర్ గారు పెళ్లి మొదలుపెట్టారు. ఫోన్ కాస్త వెనక్కి జరిగింది. అప్పుడు కనబడింది. లొరెట్టా పక్కన ఎవరూ లేరు. ఊళ్లో అంతమంది ఆడవాళ్లుండగా ఆ చోట్లో ఎవర్నీ నిలబడనివ్వలేదట. ఖాళీగానే ఉంచిందట.



పెళ్లయిపోయింది. చప్పట్లు వినబడ్డాయి, ఫోన్ ఆగిపోయింది. సరిగ్గా అప్పుడే కౌంటర్ అమ్మాయి మైకు తీసుకుని, సాయంత్రం విమానం కూడా రద్దయిందని చెప్పి, మీ ఓపికకు ధన్యవాదాలు అంది.

ఫిలొమీనా లేచి కౌంటర్ దగ్గరకు నడిచింది. ఇన్నేళ్ల కాపురంలో ఆవిడ ఎవరి మీదా గొంతెత్తడం నేను చూడలేదు. ఇప్పుడూ ఎత్తలేదు. పక్కింటి పిల్లతో మాట్లాడినట్టే మాట్లాడింది.

"అమ్మాయ్, నీమీద కోపం కాదు. మీ పైవాళ్లకు ఒక మాట చెప్పు. ఊరికే ఓపిక ఓపిక అనొద్దను. మా దగ్గర ఓపిక గురువారమే అయిపోయింది. మాకు మిగిలింది మొహమాటం. విమానం నడవకపోయినా మీ కంపెనీ నడుస్తోంది చూడు, దానిమీదే నడుస్తోంది."

సిరిల్ టోపీ తీసి పట్టుకున్నాడు. బెర్నిస్ గారి మెడ నిటారైంది. నాకు ఛాతీ ఉప్పొంగింది. ఇదిగో, ఈ దేశంలో ఇవాళ ఒక కొత్త అధ్యాయం మొదలైంది అనుకున్నాను.

కౌంటర్ అమ్మాయి తెర వైపు చూసింది. ఇలాంటి మాటకు ఏం చదవాలో అందులో లేనట్టుంది. ఆ పిల్ల కళ్లలో నీళ్లు తిరిగాయి. అది చూసి ఫిలొమీనా గుండె కరిగింది.

"సారీ అమ్మా," అంది. "అలా అనకుండా ఉండాల్సింది."

ఆ అమ్మాయి మొహం తేటపడింది. ఈ మాటకు జవాబు తెలుసు. కళ్లు తుడుచుకుని, చక్కగా నవ్వి, కంపెనీ తరఫున చెప్పింది.

"పర్వాలేదు మేడమ్. మేమేమీ అనుకోం."

కాబట్టి నాకు ఫిర్యాదేమీ లేదు. మేం చేసినదానికి విమాన సంస్థ పెద్ద మనసుతో మమ్మల్ని క్షమించింది.