నమూనాలో తడిసిన చేను

నేల, నీరు, ఎండల లెక్కల కార్యాలయం వారి కంప్యూటర్ నమూనా ఈ ఏడాది నూటికి నూరు పాళ్లూ నిజమైందని సవినయంగా తెలియజేస్తున్నాం. ఇలాంటి నమూనాలు ఎక్కడైనా డెబ్బై పాళ్లు నిజమైతే తయారుచేసినవాళ్లు పొంగిపోతారు. పాపం, వాళ్ల దగ్గర మన కొలతల గుమాస్తా లేడు.

కొలతల గుమాస్తా అంటే ఆ కార్యాలయం మూడో గదిలో, బీరువాకూ కిటికీకీ మధ్య ఇరుక్కుని కూర్చునే మనిషి. ఊరి చివర అతని మేనత్త మొక్కజొన్న చేను ఉంది. చేను నడుమ కార్యాలయం వారి ఇనప స్తంభం ఉంది. పడిన ఎండలో ఎంత నేలలోకి దిగింది, ఎంత గాలిని వేడెక్కించింది, ఆకుల్లోంచి ఎంత నీరు ఆవిరైపోయింది అనే సంగతులన్నీ ఆ స్తంభం మీది పరికరాలు అరగంటకోసారి కొలుస్తాయి. గుమాస్తా ఆ అంకెలు తెచ్చి పట్టికలో ఎక్కిస్తాడు. కంప్యూటర్ నమూనా మాత్రం చేను మొహం చూడకుండానే ఇవన్నీ లెక్కగట్టి చెబుతుంది. ఏడాదికోసారి, ఎండాకాలంలో ఆవిరైన నీటి అంకెల్ని మాత్రం రెండింటివీ పక్కపక్కన పెట్టి పోలుస్తారు. కాలువ తూము తెరవాలా వద్దా అనేది నమూనా చేతిలో ఉంది. నేల ఆరిందని అది ఒప్పుకుంటే నీళ్లు వదులుతారు, ఒప్పుకోకపోతే లేదు.

ఎండలు మొదలయ్యే వేళకు ఆవిరి కొలిచే పరికరం మీద ఒక కాకి గూడు పెట్టింది. పరికరం మూగబోయింది. గుమాస్తా వెంటనే పైకి రాశాడు. పక్షుల వ్యవహారం తమ పరిధిలోకి వస్తుందో రాదో పరిశీలిస్తున్నామని జవాబు వచ్చింది. ఈలోగా పట్టికలో గడులు ఖాళీ పడ్డాయి. ఖాళీ గడి ఉంటే పట్టికను పైవాళ్లు ముట్టుకోరు. అందుకు నిబంధనల్లోనే దారి చూపించారు. కొలత లేనిచోట నమూనా చెప్పిన అంకె వేయవచ్చు. ఇది తాత్కాలికం అని కూడా రాశారు గానీ, తాత్కాలికం అంటే ఎన్నాళ్లో రాయలేదు.

గుమాస్తా నాలుగు నెలలపాటు నమూనా అంకెలనే కొలతల గడుల్లోకి ఎత్తి రాశాడు. తరవాత పోలిక రోజు వచ్చింది. నమూనా అంకెలూ కొలతల అంకెలూ దశాంశాలతో సహా సరిపోయాయి. కార్యాలయంలో ఇద్దరు ముగ్గురికి కళ్లు చెమర్చాయి.

నమూనాకు అవార్డు వచ్చింది. మెడలో పతకంతో పెద్దాయన ప్రసంగించారు. పెద్దాయన అంటే కార్యాలయానికి అధిపతి. “మిత్రులారా, ఇన్నేళ్లూ మనం ప్రకృతి వెనకాల పరిగెత్తాం. ఇప్పుడు ప్రకృతి మన వెనకాల వస్తోంది. తనకెంత దాహం వేస్తోందో మొక్క కూడా మనల్ని అడిగి తెలుసుకునే రోజు ఎంతో దూరంలో లేదు” అన్నారు. అందరూ చప్పట్లు కొట్టారు. గుమాస్తా కూడా కొట్టాడు. అతనికి సిగ్గేసింది. అయినా చప్పట్లు ఆపలేదు, ఆపితే కారణం చెప్పాల్సి వస్తుంది.

ఇంటికి వెళ్లేసరికి మేనత్త గుమ్మంలో కూర్చుని ఉంది. తల్లి లేని అతన్ని సాకి, ఆ చేను మీదే చదివించిన మనిషి.

“ఒరే, చేను కంకి మీదుంది. ఈ వారంలో ఒక్క తడి పడకపోతే పశువుల మేతక్కూడా పనికిరాదు. తూము ఎప్పుడు తీస్తారు?”

“నేలలో తడి ఉందత్తా.”

“ఎక్కడుంది?”

“కంప్యూటర్లో.”

“అయితే వచ్చే పంట అందులోనే వేస్తా. ఈ పూటకి దీని సంగతి చూడు.”

మర్నాడు పొద్దున్నే గుమాస్తా నిచ్చెన వేసుకుని స్తంభం ఎక్కాడు. పిల్లలు ఎగిరిపోయిన గూడును తీసేసి, పరికరం తుడిచాడు. నాలుగు నెలల తరవాత మొదటిసారి నిజం అంకె వచ్చింది. ఆకుల్లోంచి ఆవిరయ్యేందుకు చేలో నీరే లేదు, ఎండంతా గాలిని కాల్చడానికే పోతోంది. అతను ఆ అంకెను పరుగున తెచ్చి పట్టికలో వేశాడు. నమూనాకు మరీ దూరంగా ఉన్న కొలతను పొరపాటు కొలతగా భావించవలెనన్న నిబంధన ప్రకారం పట్టిక దాన్ని తుడిచేసి, ఆ స్థానంలో నమూనా అంకె వేసుకుంది. మళ్లీ వేశాడు, మళ్లీ తుడిచింది. మూడోసారి వేయబోతే అతని పేరును పొరపాట్ల జాబితాలో చేర్చింది.

ఇక లాభం లేదని, చేలోంచి ఒక మట్టిగడ్డ తీసుకుని పెద్దాయన గదికి వెళ్లాడు. బల్ల మీద పెట్టగానే గడ్డ పొడిపొడిగా రాలింది.

“ఏంటిది?”

“మన స్తంభం కింది మట్టి సార్. చుక్క తడి లేదు. మా అత్త చేను ఎండిపోతోంది.”

పెద్దాయన జాలిగా చూశారు. “చూడు బాబూ, ఒక్క గడ్డని చూసి నేల గురించి అభిప్రాయాలు పెట్టుకోకూడదు. అవార్డొచ్చిన నమూనాని కాదని మట్టి మాట వింటే, అవార్డిచ్చినవాళ్ల పరువేం కావాలి?” అని, బల్ల తుడవమని బంట్రోతుని పిలిచారు.

గుమాస్తా తన గదికి వచ్చి ఒక తెల్లకాగితం ముందు వేసుకున్నాడు. అతను ఉద్యోగంలో చేరాక ఎన్నడూ సొంతంగా ఒక వాక్యం రాసి ఎరగడు. ఆ రోజు రాసి పెద్దాయనకు పంపాడు. ‘అవార్డు సంఘం వారు గురువారం నాడు మన స్తంభం ఉన్న చేనును స్వయంగా సందర్శించవచ్చునని తెలియవచ్చినది.’ ఎవరి ద్వారా తెలియవచ్చిందని ఒక్కరూ అడగలేదు.

మధ్యాహ్నం కల్లా తూము లేచింది. మోకాళ్ల దాకా రబ్బరు బూట్లు తొడుక్కుని పెద్దాయనే దగ్గరుండి స్తంభం ఉన్న ఆ ఒక్క చేనుకే నీళ్లు పెట్టించారు. నమూనా చెప్పినంత తడి వచ్చేదాకా, చెప్పిన తడికి వేలెడు ఎక్కువే వచ్చేదాకా కదల్లేదు. గురువారం ఎవరూ రాలేదు. సంఘం వారు రాకుండానే సంతృప్తి చెందినట్లు కార్యాలయం నమోదు చేసింది. మొక్కజొన్న తల ఎత్తింది. మేనత్త ముఖం చూసి గుమాస్తాకు గుండెల మీది బరువు దిగినట్టయింది.

గట్టు అవతల అరెకరం దర్జీది. పగలు బట్టలు కుట్టుకుంటూ, పొద్దునా సాయంత్రం చేను చూసుకునే మనిషి. అదే కాలువ, అదే ఎండ, అతని చేనూ కంకి మీదే ఉంది. శుక్రవారం పొద్దున పార పట్టుకుని గట్టు దగ్గరకు వచ్చాడు.

“అక్కా, నీ చేలో నీళ్లు నిలబడిపోయాయి. గట్టుకి జానెడు గండి పెట్టుకుంటా. ఆ మిగులు చాలు, నా చేను బతుకుతుంది.”

మేనత్త నీళ్లకేసి చూసింది. దర్జీ చేనుకేసి చూసింది. చివరికి మేనల్లుడి వైపు తిరిగింది.

“ఈ తమ్ముడి చేను సంగతి మీ కంప్యూటర్ ఏమంటోందిరా?”

గుమాస్తా నేల చూపులు చూస్తూ, “తడిగా ఉందంటోంది” అన్నాడు.

“విన్నావుగా తమ్ముడూ. అంత చదువుకున్నవాళ్లు ఊరికే అంటారా? నీకే కంగారెక్కువ” అని, మేనత్త వంగి గట్టు మీద ఇంకో రెండు దోసిళ్ల మట్టి వేసి గట్టిగా అదిమింది.

దర్జీ పార భుజాన వేసుకుని వెళ్లిపోయాడు. పాఠకులు మేనత్తను తిట్టుకోవచ్చు, మాకు అభ్యంతరం లేదు. కాకపోతే, మీ కుళాయిలో నీళ్లు ధారగా వస్తున్న రోజున పక్కవీధికి చుక్క రాలేదేమని, లెక్క ఎక్కడ తప్పిందని మీరెప్పుడైనా వెళ్లి అడిగారేమో, ముందు అది చెప్పండి.