తల వంపుకు వారసులు

మనిషిలోని ప్రతి లక్షణానికీ అధికారికంగా ఒక సొంతదారు ఉండాలని ప్రభుత్వం నిర్ణయించడం హర్షించదగ్గ విషయం. ఇన్నాళ్లూ ఎవరి నవ్వు ఎవరికి వచ్చిందో చుట్టాలే తేల్చేసేవారు. (సాధారణంగా భోజనాలయ్యాక.) ఇప్పుడా బాధ్యతను లక్షణ నిర్ధారణ శాఖ తీసుకుంది.

నా భార్య పోయాక, మరణ నమోదులో ఆమె కూతురిగా మా అమ్మాయి పేరు రాయించడానికి ఇద్దరం అక్కడికి వెళ్లాం. అమ్మాయి మాకు పుట్టలేదు; నడక రాకముందే మా ఇంటికి వచ్చింది. అలాంటివారు తల్లి నుంచి వచ్చిన లక్షణం ఒకటి చూపాలి.

చూపింది. నా భార్యకు ఎడమ చెవి వినపడేది కాదు. ఎవరు మాట్లాడినా తల కాస్త పక్కకు వంచి, కుడి చెవి ముందుకు పెట్టి వినేది. అమ్మాయీ అలాగే వింటుంది.

శాఖవారు అమ్మాయి చెవులు పరీక్షించారు. రెండూ భేషుగ్గా ఉన్నాయి. కాబట్టి ఆ వంపు రక్తంలో వచ్చింది కాదని, ఒకే వంటింట్లో చాలాకాలం మసలడం వల్ల అంటుకున్నదని తేల్చారు. (తడిగోడ పక్కనున్న బీరువాకు చెమ్మ పట్టడం ఈ కోవలోనిదే.) అలాంటివి పరిసరాల ఆస్తి; మనుషులకు చెందవు.

"పుట్టుకతో వచ్చిందేదైనా ఉంటే చూపించమ్మా. చెవి తమ్మె లాంటిది," అన్నారు అధికారి.

"అమ్మ చెవి నాకు రాలేదండీ," అంది అమ్మాయి. "వినడం వచ్చింది."

రూలు ఒప్పుకోదన్నారాయన, కళ్లజోడు మీదుగా చూస్తూ. ఆ గదిలోని గుమస్తాలందరూ అలాగే కళ్లజోడు మీదుగా చూస్తారు, ఒకే రాగంలో రేపు రమ్మంటారు. అన్నదమ్ములా అని అడిగాను. ఒకరికొకరు ఏమీ కారట. (దీన్ని విచారించే విభాగం ఇంకా మంజూరు కాలేదు.)

ఈలోగా నా భార్య దూరపు అన్నగారి కొడుకును పిలిపించారు. అతని చెవి తమ్మె ఆమె ఫోటోతో సరిపోయింది. సంతానం అన్నచోట అతని పేరు ఎక్కించారు. మర్యాదస్తుడు. సంతకం పెట్టి, అత్తయ్య ఎలా మాట్లాడేదని మా అమ్మాయిని అడిగాడు. కొంచెం మెల్లగా అని చెప్పింది.

తర్వాత అధికారి వైపు తిరిగింది.

"అయితే ఇక నేను అమ్మా అని పిలవకూడదా అండీ?"

ఆయన నిబంధనల పుస్తకం ఓపిగ్గా తిరగేశారు.

"పిలుచుకోవచ్చమ్మా. అటునుంచి పలికితేనే అభ్యంతరం."